అమెరికా అధ్యక్షులకు మా ఇంట నూతి స్నానాలు

ఆ మధ్య ఓ చలికాలపు పొద్దున, నిండా నూరేళ్ళు బతికిన అమెరికా మాజీ అధ్యక్షుడొకాయన పోయారని టీవీలో విని, కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి తలస్నానానికి లేచాను. మా కోడలు వింతగా చూసింది గానీ, ఆ అమ్మాయికి మా నాయనమ్మ తెలియదు కదా!

మా చిన్నప్పుడు తెనాలిలో బడి పిల్లలకు అమెరికా నుంచి వచ్చిన పాలపొడి కలిపి పాలు పోసేవారు. ఆ అడుగంటిన పాల వాసన నా ఈడువాళ్ళు ఇంకా మరిచి ఉండరు. ఆ పాలతోనే మేం ఒళ్ళు చేశామని నాయనమ్మ నమ్మకం. అందుకే, పదవిలో ఉండగానే అక్కడి అధ్యక్షుణ్ణి కాల్చి చంపారని రేడియోలో విన్ననాడు, పిల్లలకు పాలు పోసిన ఇంటి పెద్ద పోతే పరాయి చావెలా అవుతుందని, ఇంటిల్లిపాదినీ నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోయించింది. అప్పట్నుంచీ అదో ఆనవాయితీ అయింది. మాజీలు కూడా ఆవిడ లెక్కలో పెద్దలే. ఎనభై, తొంభై ఏళ్ళు హాయిగా బతికినవాళ్ళు మేం చలికి వణికే రోజులు చూసుకుని పోవడమెందుకని మా ఏడుపు.

అలా ఒక చలికాలం ఒక మాజీకి స్నానాలు చేసి నెల తిరక్కుండానే ఇంకో మాజీ పోయాడని పొద్దున్నే రేడియో చెప్పింది. సరిగ్గా ఆ రోజే బాపట్ల నుంచి మా అక్కను చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఫొటో చూసిన దగ్గర్నుంచీ అక్క మొహంలో వెలుగు మేమంతా చూస్తూనే ఉన్నాం. నాయనమ్మ చెవిన పడిందా, ఇల్లు మైలపడిందని పెళ్ళిచూపులు ఆపేస్తుంది. గుమ్మందాకా వచ్చినవాళ్ళను వెనక్కి పంపితే మళ్ళీ వస్తారా? అబద్ధమంటే చెవులు మూసుకునే బడిపంతులు మా నాన్న, చప్పుడు చెయ్యకుండా రేడియోలో బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నారు.

పెళ్ళివారు వచ్చారు, సున్నుండలు తిన్నారు, అక్క వచ్చి కూర్చుంది. గండం గడిచిందనుకుంటుండగా పెళ్ళికొడుకు తండ్రి, మాట కలపడానికి కాబోలు, “పాపం, అమెరికాలో ఇంకో ఆయన కూడా పోయారటగదండీ!” అన్నారు. నాన్న చెయ్యి జేబు మీదికి పోయింది. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాయనమ్మ నాన్న వంక ఒక్క చూపు చూసి, “ఇల్లు మైలపడిందే!” అంటూ లేచి నిలబడింది.

పెళ్ళికొడుకు తండ్రి కంగారుపడిపోయి, “మేం తలమీద నీళ్ళు పోసుకునే బయల్దేరామండీ పిన్నిగారూ! మా అమ్మ ఊరుకోదు. మా పిల్లలూ బళ్ళో ఆ అమెరికా పాలు తాగినవాళ్ళేగదండీ” అన్నారు.

ఈ లోకంలో అలాంటి నాయనమ్మ ఇంకొకరున్నారని అప్పుడే తెలిసింది నాకు. మా నాయనమ్మ మొహం చేటంత అయింది. స్నానంతో పోయే మైలకు సంబంధం వదులుకుంటామా అంటూ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మమ్మల్నందరినీ నూతి దగ్గరికి తరిమింది. పౌడరూ కాటుకా పోయి, తడి జుట్టుతో, మామూలు నూలుచీరలో అక్క రెండోసారి వచ్చి కూర్చుంటే, అలా చూసే నచ్చిందని బావ ఇప్పటికీ అంటూ ఉంటాడు.

ఆ మధ్య టీవీలో విన్న పొద్దున, స్నానం చేసి వచ్చేసరికి బాపట్ల నుంచి అక్క ఫోను. “నీళ్ళు పోసుకున్నావట్రా? మీ బావ ఇక్కడ గజగజలాడిపోతున్నారు!” అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మొహమైనా ఎరగని సముద్రం అవతలివాడి కోసం ఒకప్పుడు మా ఇల్లంతా తడిబట్టలతో వణికింది. ఈమధ్య మా అపార్ట్‌మెంటులో పై అంతస్తు పెద్దాయన పోతే, ఆ సంగతి నాకు వారానికి గానీ తెలియలేదు. రెక్క పట్టుకుని నూతి దగ్గరికి లాక్కుపోయే నాయనమ్మ లేదు. ఇంట్లో గీజరుంది, వేడినీళ్ళున్నాయి, చలి మాత్రం ఇప్పుడే ఎక్కువేస్తోంది.