లేని ఊరికి ప్రెసిడెంటు

నేను కోడలిగా వెళ్ళేనాటికే ఆ ఊరి పేరు సర్కారు నోటీసుల్లోకి ఎక్కింది. ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకోబోయే ఊళ్ళలో మా అత్తవారి ఊరొకటి. మల్కాపురంలో, పోర్టు పనివాళ్ళ వీధిలో, ఓడల కూతలు వింటూ పెరిగినదాన్ని. జీడితోటలు దాటి, తెల్లటి ఇసకలో కాళ్ళు కూరుకుపోతూ అక్కడికి చేరితే, ఎవరి కలలోకో అడుగు పెట్టినట్టనిపించింది. ఇళ్ళున్నాయి, పొయ్యిల పొగ లేస్తోంది, కానీ ఎవరూ గోడలకు సున్నం వేయించడం లేదు.

ఎన్నికలు మాత్రం మానలేదు.

ఆ ఊళ్ళో ఎన్నికలంటే ఇద్దరు మనుషులు. ఒకరు మా మావయ్య, రెండోవారు మా అత్త అన్నయ్య. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే చుట్ట పంచుకునే బావలు. ఓట్లొస్తే మాత్రం చెరో పక్క. ప్రతిసారీ ఓడేది మా మావయ్యే.

చేపలు తోముతూ అత్త ఆ కథలన్నీ నాకు చెప్పేది. ఆమె పెళ్ళయిన కొత్తలో, ఓటంటే అందరి ముందూ చెయ్యెత్తడమేనట.

"ఇటు మొగుడు, అటు అన్న. నానేటి సేత్తానే? రెండు సేతులూ పైటలో దాసేసినాను."

తర్వాత వార్డు మెంబర్లే ప్రెసిడెంటుని ఎన్నుకునే రోజులొచ్చాయి. అత్తకి ప్రాణం తెరిపిన పడింది.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకి మళ్ళీ ఎన్నికలన్నారు. ఈసారి ఊరందరూ నేరుగా ప్రెసిడెంటుకి ఓటెయ్యాలి. అప్పటికి సగం ఊరు ఖాళీ అయిపోయింది. జనం తలుపులు, దూలాలు ఊడదీసుకుని బళ్ళ మీద కొత్త కాలనీకి తరలిపోతున్నారు. ఓట్లు మాత్రం ఇంకా పాత ఊళ్ళోనే ఉన్నాయి. మావయ్యది కుండ గుర్తు, ఆయన బావది నిచ్చెన. సగం కూలిన గోడల మీద కూడా కుర్రాళ్ళు ఆ బొమ్మలు వేశారు. పైకప్పు లేని ఇంటి గోడకి ఆనించినట్టున్న ఆ నిచ్చెన ఆకాశంలోకే ఎక్కిపోతున్నట్టుండేది.

పోలింగు రోజు పొద్దున్న సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది. ఆ మంచులోంచి కాలనీ జనం ఒక్కొక్కరే బయటపడ్డారు. కొందరు నడిచి, కొందరు బళ్ళ మీద, కొందరు చేపల లారీ ఎక్కి. ఖాళీ అయిన వీధుల్లో పైకప్పు మిగిలింది బడికొక్కదానికే, ఓట్లు అక్కడే. నాకది మొదటి ఓటు. వేలి మీద సిరా ఆరకముందే బయటికొచ్చి చూస్తే, ఓటేసినవాళ్ళెవరూ తిరిగి వెళ్ళడం లేదు. ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. తలుపుల్లేవు, కప్పుల్లేవు. ఒకావిడ కొంగు బిగించి వాకిలి ఊడుస్తోంది. ఇంకొకావిడ పాత పొయ్యిలో జీడాకు వేసి టీ కాస్తోంది. పిల్లలు గోడలెక్కి వీధంతా చూస్తున్నారు. ఎండెక్కి మంచు విడిపోయినా, ఆ సాయంత్రం దాకా ఊరు ఊరులాగే ఉంది.

ఆ ఎన్నికలో మా మావయ్య గెలిచాడు.

ఆయన బావ వచ్చి మెళ్ళో దండ వేశాడు. "ఊరున్నన్నాళ్ళూ నాకిచ్చినారు. ఊరు నేకండా పోతన్నప్పుడు నీకిచ్చినారు బావా" అని నవ్వాడు. మావయ్య నవ్వలేదు. రెండు రోజులు గట్టున కూర్చుని కెరటాలు చూశాడు. మూడో రోజు లేచి తిన్నగా బావ ఇంటికి వెళ్ళాడు.

"కాలనీలో సీటీలేసి జాగాలిత్తన్నారు. ఇరుగు ఒక కాడ, పొరుగు ఒక కాడ పడతన్నారు. ఏటి సేద్దాం బావా?"

"పెసిరెంటువి నువ్వు కాదేటి?"

"నువ్వు నేకపోతే నానేటి పెసిరెంటుని?"

ఇద్దరూ కలిసి జాగాలిచ్చే ఆఫీసుకి వెళ్ళారు. చీటీల్లో వచ్చింది మార్చడం మా చేతుల్లో లేదు, మీలో మీరు మార్చుకుంటే అడ్డు చెప్పం అన్నాడు అక్కడి అధికారి. అంతే, వాళ్ళకి అదే చాలు. నెలల తరబడి కాలనీలో ఇల్లిల్లూ తిరిగారు. నువ్వటు జరుగు, వాణ్ణిటు రానీ అంటూ బతిమాలారు, కోప్పడ్డారు. మా పాత పొరుగింటి ముసలమ్మకి ఎక్కడో చివర జాగా వచ్చింది. మా పక్క జాగా ఇంకొకాయనకి వచ్చింది, దాని ముందే కొళాయి. ఆయన ససేమిరా కదలనన్నాడు.

"కొళాయి ఒగ్గీసి నానెక్కడికెళ్తాను?"

అప్పుడు అత్త అన్నయ్య తన మూల జాగా చూపించాడు. దానికి రెండు వైపులా రోడ్డు, ఎదురుగా ఇంకో కొళాయి. "నాది తీసుకో. నాను ముసలమ్మకొచ్చిన సివరి జాగాకెళ్తాను" అన్నాడు. మావయ్య వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఎన్నికల్లో ఎన్నడూ తగ్గని మనిషి, ఆ రోజు కాలనీ చిట్టచివరి జాగాకి నడిచిపోవడం నేను కళ్ళారా చూశాను.

అన్నీ కుదరలేదు. రెండు కుటుంబాలు విసుగెత్తి పెందుర్తి వెళ్ళిపోయాయి. చేపలవాళ్ళ వీధిని ఎటు తిప్పినా దానికి సముద్రం దొరకలేదు. కానీ మిగతా వీధులు మెల్లగా పాత వరసలోకి వచ్చాయి. ఊళ్ళో ఎవరి గోడకి ఎవరి గోడ ఆనుకునేదో, కాలనీలోనూ చాలావరకు అలాగే ఆనుకుంది.

మావయ్య పదవీకాలం ఎప్పుడు ముగిసిందో మాకెవరికీ సరిగ్గా తెలియలేదు. ఆ ఊరికి మళ్ళీ ఎన్నికలు రాలేదు. వాన ఆగిపోయిన సంగతి కాసేపటికి గానీ తెలియనట్టు, అదీ అలా ఆగిపోయింది.

కాలనీకొచ్చిన కొత్తలో అత్త పొద్దున్నే బిందె చంకనెత్తుకుని, నిద్ర కళ్ళతో వాకిలి దాటి కుడివైపుకి తిరిగేది. పాత ఊళ్ళో నుయ్యి అటే. సరిగ్గా అదే వేళకి పక్కింటి ముసలమ్మా బిందెతో బయటికొచ్చేది. ఇద్దరూ నాలుగడుగులు వేసి, ఎదురుగా ఎర్రమట్టి మైదానం, దూరంగా ఫ్యాక్టరీ క్రేన్లూ కనిపించి ఆగిపోయేవారు.

"ఓలమ్మా, నువ్వూనా?" అనేది అత్త.

ఇద్దరూ పకపకా నవ్వుకుని, బిందెలు దింపి, అక్కడే కూర్చుని కబుర్లలో పడేవారు.