ఎదురింటి ఇంగ్లండు

అప్పట్లో ఇంగ్లండు చదువంటే జాగీర్దార్ల పిల్లల ముచ్చట. తెలివి ఉంటే చాలు, ఖర్చంతా మాదేనని సర్కారు వజీఫా పెట్టాకే, గద్వాలలో మగ్గం నేసే నాయనకు కొడుకునైన నేనూ ఆ దారిలో పడ్డాను. ఒకే చీరలో పట్టు అంచు మెరుస్తుంటే నూలు ఎందుకు వెలిసిపోతుందో తెలుసుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. హైదరాబాదులో కాలేజీ ముగియగానే, రంగుల అద్దకం చదవడానికి వజీఫా మంజూరైంది.

చిక్కంతా పంచాంగంతో వచ్చింది. ఓడ కదిలే నాటికి మూఢం. మంచి ముహూర్తం అంతకు ముందే ఉంది. మావైపు దీనికి ప్రస్థానమని ఒక ఉపాయం ఉంది. మంచి గడియకు పెట్టెతో సహా బయటపడి ఇంకొకరింట్లో ఉంటే, ప్రయాణం మొదలైనట్టే. పని కాకుండా మళ్లీ సొంత గడప తొక్కితే మాత్రం చెడినట్టే. అలా నేను బొట్టు పెట్టించుకుని, అమ్మ ఏడుస్తుండగా ఇంగ్లండుకని బయలుదేరి, ఎదురుగా ఉన్న మామ ఇంట్లో దిగాను.

కొద్ది రోజులకే యుద్ధం మొదలైంది. ఓడ ఆగింది. మళ్లీ చెప్పేదాకా ఆగమని సర్కారు కబురు పంపింది. ఆగాను. ఎక్కడ? ఎదురింట్లో!

అమ్మ వీధి మధ్యదాకా వచ్చి రొట్టె అందించేది. నాయన మా అరుగు మీద నిలబడి, "బాగున్నవారా బిడ్డా?" అని సముద్రం అవతలికి వినబడేలా అరిచేవాడు. ఎవరైనా నన్ను గురించి అడిగితే "ఇంగ్లండ్ల ఉన్నడు" అనేవాడు. అడిగినవాళ్లు నా పక్కనే నిలబడి, "అట్లనా, మంచిది" అనేవారు. నాకు ఒళ్లు మండేది. "ఇంగ్లండ్ల చలి ఎక్కువంటరు గద" అంటూ మామ భార్య ఎండాకాలంలో నాకు గొంగడి కప్పింది. వనపర్తి నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చి, "గింత దగ్గరైతే మావోన్ని గూడ పంపుత గద! జర ఏ చదువు మంచిదో చెప్పు" అన్నాడు.

నవ్వుకునే సంగతే. కానీ గడప తొక్కితే వజీఫా పోతుందని కాలేజీ చదివిన నేనే నమ్మడం మొదలుపెట్టాను. అమ్మకు జ్వరం వచ్చినప్పుడు ఉండబట్టలేక లోపలికి వెళ్లబోయాను. "కాలు పెట్టినవంటే సూడు! నీ చదువు పోతది" అని మంచం మీంచే తిట్టింది. కిటికీలోంచి చూసి వెనక్కి పోయాను.

మరుసటి ఏడు కబురొచ్చింది. వజీఫా రద్దు.

పెట్టె ఎత్తుకుని, మధ్యలో పారే మోరీ మురుగునీళ్ల మీంచి అంగవేసి వీధి దాటాను. గడప ముందు పురోహితుడు అడ్డం నిలబడ్డాడు.

"ఆగు నాయనా. విదేశం పోయొచ్చినోడివి. సముద్రం దాటిన దోషం పోకుండ ఇంట్లకు రావద్దు."

"అయ్యగారూ, నేను దాటింది మోరీ!" అని అరిచాను. వీధంతా గొల్లుమంది.

"ప్రస్థానమైతే పోయినట్టే గద. పోయినట్టయితే దాటినట్టే" అన్నాడాయన. మామ అవునన్నట్టు తల ఊపాడు. నాయన అప్పటికే పంచగవ్యం గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాకూ నవ్వు ఆగలేదు.

అమ్మ విసురుగా వచ్చి గిన్నె లాక్కుని పారబోసింది.

"ఏం దోషమయ్యా? ఏడ దాటిండు నా కొడుకు? దాటనిచ్చిండ్రా?"

ఎవరూ నవ్వలేదు. నేను అక్కడే, గడపకు ఇవతల, పెట్టె మీద కూలబడి, పోలేకపోయినందుకు మొదటిసారి ఏడ్చాను.