నున్నగ చేసి చెడగొట్టిన

రెండువేల ఇరవై మూడు, ఎండకాలం. రాయదుర్గం మెట్రో దగ్గరి గల్లీల త్రీడీ ప్రింటింగ్ షాపుల నా పని. నాకు సంతకం దాకనే వచ్చు. నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తుంది. మిషన్ ప్లాస్టిక్ తీగను కరగబెట్టి, పొర మీద పొర పోసి వస్తువు చేస్తది. అది ఒరగకుండ పుల్లలసొంటి సపోర్టులు గూడ పోస్తది. అవి విరిచి, ఆకురాయితోని రాకి, సాండ్ పేపర్ పట్టి అద్దం లెక్క చేసుడు నా వంతు. మా ఆయన పోయినంక ఇదే పని పట్టిన. నా చేతిల పడ్డది గరుకుగ బయటికి పోలేదని నాకు పెద్ద గర్వం ఉండె.

గప్పుడు చందానగర్ నుంచి స్వాతి అనే పిల్ల ఫోన్ చేసింది. వీడియో గేములు బజార్లకు రాకముందే ఆడి తప్పులు పట్టే కొలువు ఆమెది, టెస్టర్ అంటరు. స్కూటీ మీదికెల్లి పడి కుడిచేతి రెండు వేళ్లు వంగుతలేవు. గేమ్ ఆడే కంట్రోలర్‌కు ట్రిగ్గర్ అని మీట ఉంటది, చూపుడువేలితోని నొక్కాలె. ఆమెకు అదే అయితలేదు. సోమవారం ఆఫీసుల గంటసేపు ఆడి చూపియ్యాలె, లేకుంటే కొలువు పోతది. ట్రిగ్గర్ మీద తొడిగే పొడుగు రెక్క చేసిస్తే ఉంగరపు వేలితోని నొక్కుకుంటనన్నది.

"చెయ్యి చూడాలె, ఒకసారి రమ్మను" అని మా ఓనర్ కిరణ్‌తోని అన్న.

కిరణ్‌ది కర్నూలు దిక్కు. "ఫొటో, కొలతలు పంపించింది లేక్కా. ఆయమ్మను ఊరికే తిప్పేదెందుకు?" అన్నాడు. నేను గూడ సరేనన్న. మిషన్లకెల్లి రెక్క వచ్చింది, రెండు గంటలు రుద్దిన. ఈగ వాలితె జారేటట్టు చేసిన.

శనివారం ఆమె వచ్చింది. వేలు పెట్టి నొక్కింది, జారింది. చెయ్యి డ్రెస్సుకు తుడుచుకోని మల్ల నొక్కింది, మల్ల జారింది.

"సారీ ఆంటీ, నా చెయ్యే బాలేదండి" అన్నది.

అదే టైముకు కిరణ్ ఫోన్ ఎత్తి పట్టిండు. "మేడం, షాపు వీడియోకి ఒక్క స్మైల్ ఇవ్వండి." పాపం ఆ పిల్ల నవ్వింది.

నాకు నెత్తి మండింది. "ఆ ఫోన్ జేబుల పెడ్తవా, గుంజుకోవాల్నా?"

"కస్టమర్ ముందర ఏందక్కా అరుపులు?"

"కస్టమర్ చేతిలనే జారుతుంది గదరా! రేపు ఆమె కొలువు పోతే నీ వీడియో అన్నం పెడ్తదా?"

"నీ చెయ్యి ఇటియ్యి బిడ్డా" అని స్వాతి చెయ్యి పట్టుకున్న. ఉంగరపు వేలు వంగుతుంది గని బలం లేదు. అరచెయ్యంత చెమట. కొలతలల్ల తప్పు లేదు. నేను రుద్దిన కాడనే వేలు నిలుస్తలేదు. మా ఆయన బోరింగ్ మెకానిక్. చెమటకు జారకుండ నట్లు విప్పే పానలకు పాత సైకిల్ ట్యూబు చుట్టుకునేటోడు. అవే పానలు రోజూ తుడిచిపెట్టిన నాకు ఇది తట్టలే. కిరణ్ మీదికంటె నా మీద నాకు ఎక్కువ కోపమొచ్చింది.

"మిషన్ల ఇంకోటి పొయ్యి. పొరల గీతలు వేలికి అడ్డంగ రావాలె. వేలు ఆనే కాడ నేను సాండ్ పేపర్ ముట్టియ్య, గరుకుంటెనే జారదు."

"ఫినిషింగ్ లేకుండా ఇస్తే మనకు చెడ్డపేరు కదక్కా?"

"ఆ పేరు నా మీద రాస్కో."

పొద్దుగూకేదాక ఆమె అక్కడనే కూసుంది. కొత్తది తొడిగినం. నొక్కింది, టక్కుమన్నది. ఇరవై సార్లు నొక్కింది, ఇరవై సార్లు టక్కుమన్నది. ఇగ సారీ అనలే.

సోమవారం ఫోనొచ్చింది. "గంట ఆడానండి ఆంటీ. ఒక్కసారి కూడా జారలేదు. ఉద్యోగం ఉంది."

అయినా నా కోపం పోలే. కిరణ్ ఆ మొదటి వీడియోనే పెట్టిండు. మెరిసే రెక్క, ఆ పిల్ల నవ్వు. షాపుల టీవీల ఇప్పటికీ అదే తిరుగుతది. వచ్చినోళ్లు దాన్ని చూపిచ్చి, "గిట్లాంటిదే కావాలె" అంటరు. ఆ జారిన రెక్క నా డ్రాయర్ల ఉన్నది, తీసి వాళ్ల ముందట పెడ్త. "ఇది ఎందుకూ పనికిరాలే. ముందుగాల చెయ్యి ఇటియ్యండి" అంట. సాండ్ పేపర్ ఆ తర్వాతనే పట్టుకుంట.