బావిలో పడ్డ బిందె

ఆ రోజు నేను చేసింది తమాషా కాదు, తప్పు. నిన్న మనవడు గరిటెతో పళ్లెం వాయిస్తుంటే అది మళ్లీ గుర్తొచ్చింది.

పెనుకొండ దగ్గర పల్లె మాది. అప్పటికి తెల్లదొరలు పోయి ఏడెనిమిదేళ్లయింది. వాళ్ల కాలంలో వాన పడకపోయినా శిస్తు కట్టాల్సిందేనని, కట్టకపోతే తప్పెట కొట్టించుకుంటూ వచ్చి ఇంట్లో సామాను జప్తు చేసేవారని అవ్వ చెప్పేది. నేను దాన్ని రాక్షసుల కథలాగే వినేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అవ్వ సంగటి కెలుకుతోంది. నేను వీధిలో రేకు డబ్బా వాయిస్తూ అరిచాను.

"జప్తోళ్లు వస్తాండారు!"

నవ్వుతుందనుకున్నాను. అవ్వ సంగటి పొయ్యి మీదే వదిలేసి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెను నీళ్లతోనే చంకనెత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"అవ్వా, నేనే! ఉత్తుత్తికే అన్నా!"

వినలేదు. బిందెను బావిలో పడేసి, చేత్తో నా నోరు మూసింది.

"అరవొద్దబ్బా. ఆవును గూడా తోలుకపోతారు."

మా ఇంట్లో ఆవు లేదు. నేను పుట్టేసరికే లేదు. లోపలి నుంచి సంగటి మాడిన వాసన వస్తోంది.

మరుసటి రోజు నాయన నా నడుముకు తాడు కట్టి దించితే, నేనే మునిగి బిందె తెచ్చాను. చింతపండుతో తోమి అవ్వ ముందు పెట్టాను.

"పోయినారా వాళ్లు?" అని మెల్లగా అడిగింది.

"పోయినారవ్వా. ఇంక రారు."

ఆమె నమ్మినట్టు లేదు. అందుకే అవ్వ బతికినన్నాళ్లు, "నేనేనవ్వా, వస్తాండా" అని వీధి మలుపులోనే చెప్పకుండా ఇంట్లో అడుగుపెట్టలేదు.