వరస కలిపిన వీరమ్మ

కొత్తపేట దగ్గర కాలువ తవ్వుతున్న ఏళ్ళవి. మగవాళ్ళు మన్ను తవ్వితే, ఆడవాళ్ళు తట్టలకెత్తుకుని గట్టుమీదికి మోసేవారు. ఆ మోసేవాళ్ళకి పెద్ద, పలివెల వీరమ్మ. నోరు గట్టిదే గానీ మనసు మెత్తన.

ఆ ఏడు ఆమె అన్న కూతురు సత్యవేణి కొత్తగా పనిలోకి వచ్చింది. పెళ్ళయి ఏడాదైనా కాలేదు. మేస్త్రీ త్రిమూర్తులు కసురుకునే మనిషి. మన సీమలో ముక్కూ మొహం తెలియనివాడికైనా ఏదో ఒక వరస కలుపుతాం కదా! త్రిమూర్తులు ఇంటిపేరూ వీరమ్మ మొగుడి ఇంటిపేరూ ఒకటే. అంటే తనకి కొడుకు వరస, మేనకోడలికి బావ వరస అని వీరమ్మ తేల్చేసింది.

“బావగారండీ అని పిలువే. సొంతవాడిలా చూసుకుంటాడు” అని సత్యవేణికి నేర్పింది.

అప్పటినుంచి సత్యవేణి తట్ట మేస్త్రీయే నెత్తికెత్తేవాడు. నెత్తిన బరువున్న మనిషికి రెండు చేతులూ పైనే ఉంటాయి. వాడి చెయ్యి నడుం మీదికి వచ్చేది.

“అత్తా, ఇంకెవరినైనా ఎత్తమనవా? నాకు భయంగా ఉంది” అంది సత్యవేణి.

వీరమ్మ అందరిముందూ మేస్త్రీని నిలదీసింది.

“ఏం పిన్నిగారండీ, మరదలితో సరసమాడితే తప్పా? వరస కలిపింది మీరేగా!” అన్నాడు త్రిమూర్తులు.

తవ్వేవాళ్ళంతా పకపకా నవ్వారు. వాళ్ళ ఇళ్ళలోనూ బావామరదళ్ళ సరసాలు ఉన్నవే మరి. పిలుపు ఇచ్చినంత మాత్రాన ఒళ్ళు కూడా ఇచ్చినట్టేనా? ఆ నవ్వినవాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వీరమ్మ తలవంచుకుని తన తట్ట ఎత్తుకుంది.

మర్నాడు వాడు మళ్ళీ చెయ్యి వేశాడు. సత్యవేణి విదిలించుకోబోయి తట్టతో సహా గోతిలో పడింది. మీద తడిమన్ను విరిగిపడింది. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. కాలు జారిందని అందరూ చెప్పుకున్నారు. త్రిమూర్తులు ఇంకో చోటికి పనికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రోజూ, మోసేవాళ్ళ బారు చివర వీరమ్మకి సత్యవేణి కనిపించేది. నెత్తిన తట్ట, పైకెత్తిన చేతులు. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. తిట్టినా బాగుండునని వీరమ్మ కుమిలిపోయేది. “దించెయ్యవే తల్లీ” అని ఎవరూ లేనివైపు బతిమాలుతుంటే, పక్కనున్న ఆడవాళ్ళు హడలిపోయేవారు.

కొన్నాళ్ళకి కొత్త మేస్త్రీ వచ్చాడు. మంచివాడో కాడో ఎవరికీ తెలియదు.

“మీరు నాకేమవుతారండీ?” అని నవ్వుతూ అడిగాడు వీరమ్మని.

“ఏమీ అవమండీ. మీరు మేస్త్రీ, మేం కూలోళ్ళం. మా తట్టలు మేమే ఎత్తుకుంటాం. మీరు మాకు ఎడంగా ఉండండి.”

“పని కావాలా, వద్దా?” అన్నాడతను, మొహం ముడుచుకుని.

ఆడవాళ్ళంతా తట్టలు కింద పెట్టేసి నిలబడ్డారు. అతను కాసేపు చూసి, “ఆయ్, అలాగే కానివ్వండి” అని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

వీరమ్మ ఆశగా బారు చివరికి చూసింది. అందరి చేతులూ కిందికే ఉన్నాయి. సత్యవేణి చేతులు మాత్రం పైనే ఉన్నాయి.