బోర్డు మీద లేని భాష

నా చిన్నప్పుడు, తెలుగు నేలకి సముద్రం ఇవతల, బెడోక్‌లో మా ఫ్లాట్ ఎదురుగా కొత్త బ్లాకులు కడుతుండేవాళ్ళు. మధ్యాహ్నప్పూట ఎర్రటి దుమ్ము ఎండలో తేలుతూ వచ్చి, ఆరేసిన బట్టల మీద మెల్లగా వాలేది. అందులోంచి చూస్తే ఊరంతా ఇంకా నిద్రలోనే ఉన్నట్టుండేది.

ఆ ఏడే నన్ను బళ్ళో వేశారు. అక్కడ మాతృభాషంటూ ఒక పాఠం తప్పనిసరి. అందులో తెలుగు లేదుగా, తమిళం క్లాసులో కూర్చోబెట్టి, ఇకనుంచి ఇదే నీ మాతృభాష అంది టీచర్. అయితే ఇంట్లో కూడా తెలుగు మానెయ్యాలి కాబోలనుకున్నాను. తమిళమా, ఇంకా రాదాయె! ఇంకేముంది, నోరు కట్టేసుకున్నాను. పగలంతా మా మామ్మకి మాట్లాడే తోడు నేనొక్కదాన్నే. "మాకన్ అయిందా అమ్మడూ?" అని ఆవిడ అన్నం సంగతి అడిగితే తల ఊపి ఊరుకునేదాన్ని. మాకన్ అన్నది మలయ్ మాటని తెలీక, అదీ తెలుగే అనుకుని భయపడ్డాను చూడండి! మామ్మ మొహం చిన్నబోయేది. నాకేమో ఏడుపొచ్చేది.

ఒకరోజు బడినుంచి వస్తూ మామ్మ ఆ బ్లాకుల కంచె దగ్గర ఆగింది. ప్రమాదం, లోపలికి రావద్దని అక్కడ ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళాల్లో రాసిన బోర్డు ఉంది. ఇక నావల్ల కాలేదు. "ఇందులోనూ మనది లేదు మామ్మా! ఇంక నీతో మాట్లాడకూడదా?" అని బావురుమన్నాను.

సంగతంతా విని మామ్మ పకపకా నవ్వింది. "ఓసి పిచ్చి మొద్దూ! పక్కన చెప్పేవాళ్ళు లేనివాళ్ళకే బోర్డు. నీకు చెప్పడానికి నేను లేనూ?" అని వంగి, నా చెవిలో, "అటెళ్ళకే తల్లీ, పడిపోతావ్," అంది. బళ్ళో తమిళం బుద్ధిగా నేర్చుకోమంది. ఏం నేర్చుకున్నానో ఇంటికొచ్చి తనకి తెలుగులో చెప్పమంది. ఆ దుమ్ములో ఆవిడ చెయ్యి పట్టుకుని, దాచుకున్న కబుర్లన్నీ చెప్పుకుంటూ తేలిపోతున్నట్టే ఇంటికి నడిచాను.

చెవిలో పడ్డ ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. ఇప్పుడు యూ టీ స్టేషన్లో మనవరాలితో ట్రైన్ దిగబోతుంటే, రైలుకీ ప్లాట్ఫారానికీ మధ్య సందు చూసుకోమని నాలుగు భాషల్లోనూ చెబుతారు. అవన్నీ అయ్యాక, "చూసి దిగమ్మా," అంటాను నేను. "ఐ నో లా, మామ్మా!" అని, తెలుసులెమ్మన్నట్టు, ఇక్కడి యాస ఇంగ్లీషులో విసుక్కుంటుంది అది.

మొన్న ఏదో పరధ్యానంలో ఉండి నేనేమీ అనలేదు. నాలుగు భాషలూ అయిపోయాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఒక చిన్న చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"చూసి దిగు, మామ్మా."

కళ్ళల్లో నీళ్ళు అడ్డం వచ్చాయి. అయినా చూసే దిగాను.