గోడ అవతలి గొంతు

పోయిన ఆదివారం తెల్లవారుజామున మా పక్కింటి అత్త పోయింది. నెల్లితోపులో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క పెరటి గోడ. ఆమె కూతురు ఆ గోడ మీంచే పిలిచి చెప్పింది. నేను "ఊఁ" అన్నాను.

బంధుత్వమేమీ లేదు. నాకు మాటలొచ్చినప్పటి నుంచీ ఆమె అత్తే. ఒక ప్రభుత్వ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసి రిటైరయింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. పరీక్షల రోజుల్లో మావాళ్ళు టీవీ పెడితే గోడ అవతలి నుంచే కేకేసేది: "బిడ్డ చదవతా ఉంటే ఏంది మీ గోల?"

చుట్టూ తమిళమే ఉన్న ఊళ్ళో, మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ, చదవగలిగేవాళ్ళు తక్కువ. నేనూ తమిళ బడిలో చదివి, ఆలస్యంగా తెలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్నే. అందుకే మా వీధి పిల్లల కోసం పెరట్లో ఫోన్ నిలబెట్టి తెలుగు పాఠాలు వీడియో తీయడం మొదలుపెట్టాను. ఉద్యోగం నుంచి ఎంత అలసిపోయి వచ్చినా వెలుతురుండగానే తీయాలి. ప్రతి వీడియోలోనూ అత్త గొంతు పడేది. పిల్లిని తిట్టడం, కూరలమ్మే ఆమెతో బేరం, ఏదో గొణుగుడు. బస్సు హారన్నయితే ఎడిటింగ్ యాప్ తీసేస్తుంది. మనిషి గొంతును మాత్రం అదీ నాదే అనుకుని వదిలేస్తుంది. అది నేను కూర్చుని చేత్తో తీయాలి.

"అత్తా, ఒక్క అరగంట మాట్లాడకుండా ఉండరాదా? నీ మాటలన్నీ నేను తీసేయాల్సొస్తోంది."

"నా ఇల్లు ఇడిసి యాడికి పొయ్యేదే? ఇన్నేండ్లు ఆఫీసంతా నేను తుడిస్తి. ఇప్పుడు నువ్వు నన్నే తుడిచేస్తుండావా?"

అని నవ్వేది. పాఠం అయ్యాక గోడ మీద కాఫీ గ్లాసు పెట్టేది. "తాగు పాపా. అరిచి అరిచి గొంతెండిపోయుంటాది."

నీకూ నేర్పనా అని ఒకసారి అడిగాను. "సుమ్మా ఉండవే, ఊరుకో. ఈ వయసులో నాకెందుకు?" అంది.

ఎడిట్ చేసేటప్పుడు తెర మీద నా మాటలు పెద్ద గీతలుగా, వాటి మధ్య ఆమెవి చిన్న గీతలుగా కనిపించేవి. విసుగులో వినకుండానే, కంటితో చూసి, చిన్నవన్నీ కత్తిరించేదాన్ని. ఫోన్లో చోటు చాలక అసలు వీడియోలు చెరిపేసేదాన్ని.

మూడోరోజు కూతురు వచ్చింది. "అమ్మ గొంతు మా ఫోన్లో యాడా లేదు పాపా. ఫోటోలే ఉండాయి. నీ వీడియోల్లో ఏమన్నా ఉంటాదా?"

వెతికితే ఒక్కటే దొరికింది. ఆమె పోయే ముందు వారం తీసి, ఓపిక లేక ముట్టుకోకుండా వదిలేసిన 'క' గుణింతం. ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం.

నేను "క" అన్నాను. గోడ అవతల, చిన్నగా, "క". నేను "కా". అక్కడా "కా".

ఎన్ని పాఠాల నుంచి ఇలా చెబుతూ వచ్చిందో ఇక తెలియదు. అవన్నీ నేనే చెరిపేశాను.

కూతురు ఇయర్‌ఫోన్ తీసి అడిగింది. "నీ గొంతు తీసేసి, అమ్మది ఒకటే ఇస్తావా?"

ఈసారి పెద్ద గీతల్ని కత్తిరించాను, ఒక్కొక్కటీ విని. ఆ రోజు పాఠం చివరికొచ్చేసరికి నేను తొందరపడ్డాను, అత్త వెనకబడింది. నేను పాఠం ముగించేసినా ఆమె ఆపలేదు. "కౌ" అంది. కాస్త ఆగి "కం" అంది. అంతలో రికార్డింగ్ ఆపడానికి చాచిన నా అరచెయ్యి తెర నిండా కమ్ముకుంటుంది. వీడియో ఆగిపోతుంది.